చీనాబ్ నీటికి గంటల లెక్క

శ్రీశైలం డ్యాం ఎత్తు 145 మీటర్లు. జమ్మూ కశ్మీర్‌లో చీనాబ్ నది మీద కట్టాలని తలపెట్టిన సావల్‌కోట్ డ్యాం ఎత్తు 192.5 మీటర్లు. ఎత్తులో శ్రీశైలాన్ని మించిన ఈ కట్ట వెనక నిలిచే నీరు మాత్రం సుమారు 53 కోట్ల ఘనపు మీటర్లే. మనకు అలవాటైన లెక్కలో 19 టీఎంసీల లోపు. శ్రీశైలం నిండితే 215 టీఎంసీలు! పోనీ ఆ పందొమ్మిదైనా పూర్తిగా వాడతారా అంటే అదీ లేదు. కరెంటు కోసం దింపుకుని మళ్లీ నింపుకునేది పైపొర ఒక్కటే. ఇంత ఎత్తు కట్టి, ఇంత తక్కువ నీటితో ఏం చేస్తారు? సింధు జలాల ఒప్పందం గురించి పత్రికల్లో వచ్చే వార్తలు అర్థం కావాలన్నా, హిమాలయాల్లో లేచే ప్రతి డ్యాం వెనక జరిగే వాదన తెలియాలన్నా ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలియాలి.

వరద వచ్చినప్పుడు నీటిని పట్టి, వర్షాలు లేని నెలలకు దాచిపెట్టడం శ్రీశైలం, సాగర్ల పని. సావల్‌కోట్ ఆ కోవలోది కాదు. దీన్ని రన్ ఆఫ్ ది రివర్ ప్రాజెక్టు అంటారు. నదిలో ఈ రోజు ఎంత నీరు వస్తే అంతా ఈ రోజే, మహా అయితే కొద్ది రోజులు అటూ ఇటుగా, టర్బైన్ల మీదుగా కిందికి పోవాలి. సీజన్ నుంచి సీజన్‌కు దాచుకోవడం ఉండదు. స్థాపిత సామర్థ్యం 1,856 మెగావాట్లు. మొదటి దశలో 225 మెగావాట్ల యూనిట్లు ఆరు, తక్కువ నీటితోనూ నడవగల 56 మెగావాట్ల చిన్న యూనిట్ ఒకటి. రెండో దశలో మరో రెండు 225 మెగావాట్ల యూనిట్లు. దశాబ్దాలుగా కాగితాల మీదే ఉన్న ఈ ప్రాజెక్టును 2021లో కేంద్ర జలవిద్యుత్ సంస్థ ఎన్‌హెచ్‌పీసీకి అప్పగించారు. 2025 జులైలో టెండర్లు పిలిచారు. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ అనుమతికి సిఫారసు చేసింది.

చీనాబ్ పుట్టేది హిమాచల్‌లోని లాహౌల్‌లో. చంద్ర, భాగ అనే రెండు నదులు తాండి దగ్గర కలిసి చీనాబ్ అవుతాయి. అక్కడి నుంచి కిశ్త్వాడ్, డోడా, రాంబన్, రియాసీ జిల్లాల లోయల గుండా దూకుతూ, అఖ్నూర్ దగ్గర మైదానంలోకి దిగి పాకిస్తాన్‌లోకి పోతుంది. ఈ దారిలో ఇప్పటికే దుల్‌హస్తి 390, బగ్లిహార్ 900, సలాల్ 690 మెగావాట్లతో పనిచేస్తున్నాయి. ఎగువన కీరు, క్వార్, రాట్లే నిర్మాణంలో ఉన్నాయి. 850 మెగావాట్ల రాట్లే పనుల కాంట్రాక్టు హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్‌ది. సావల్‌కోట్ రాబోయేది బగ్లిహార్‌కు దిగువన, సలాల్‌కు ఎగువన. అంటే పై డ్యాం వదిలిన నీరే దీనికి ఆధారం; ఇది వదిలిన నీరే కింది డ్యాంకు ఆధారం.

ఇక ఎత్తు సంగతి. టర్బైన్‌ను తిప్పే శక్తి రెండింటి మీద ఆధారపడుతుంది. సెకనుకు ఎంత నీరు వస్తోంది, ఆ నీరు ఎంత ఎత్తు నుంచి పడుతోంది అనేవి ఆ రెండు. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు, అంటే 35 క్యూసెక్కులు, వంద మీటర్ల ఎత్తు నుంచి పడితే లెక్క ప్రకారం 980 కిలోవాట్లు రావాలి. గొట్టాల్లో, టర్బైన్లో, జనరేటర్లో పోయేది పోగా 880 దాకా మిగులుతుంది. నీరు అంతే ఉండి ఎత్తు రెట్టింపైతే కరెంటూ రెట్టింపవుతుంది. డాబా మీద ట్యాంకులో సగం బురద పేరుకుపోయినా కింది అంతస్తు కుళాయిలో నీటి దూకుడు తగ్గదు. నీటి పైమట్టం ఎంత ఎత్తులో ఉందన్నదే అక్కడ లెక్క. డ్యాం విషయంలోనూ అంతే. సావల్‌కోట్ కట్ట నదీ మట్టాన్ని అంత పైకి లేపేది నీటిని దాచడానికి కాదు, పడే ఎత్తును సంపాదించడానికి. అందుకే అడుగున నిలిచిన నీటిని ఇంజినీర్లు డెడ్ స్టోరేజీ అంటారు. దాన్ని వాడరు. వాడుకునే పైపొరను పాండేజ్ అంటారు.

ఎత్తు సంపాదించడానికి ఇంకో దారి ఉంది. కశ్మీర్‌లోని కిషన్‌గంగలో కట్ట 37 మీటర్లే. అక్కడ నీటిని 23 కిలోమీటర్లకు పైగా సొరంగంలో నడిపించి, కొండకు అవతల ఆరు వందల మీటర్లకు పైగా దిగువన ఉన్న పవర్ హౌస్‌లో పడేస్తారు. ఈ పద్ధతిలో కట్ట చిన్నది, ముంపు తక్కువ. అయితే కట్ట దిగువన అసలు నది ఎండిపోతుంది. ఆ నీటి మీద పాకిస్తాన్‌తో వచ్చిన వివాదంలో 2013లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానం సెకనుకు కనీసం 9 ఘనపు మీటర్ల నీరు నదిలో ఎప్పుడూ పారాలని తీర్పు చెప్పాల్సి వచ్చింది. సావల్‌కోట్ లాంటి ఎత్తు డ్యాంలలో నది కిలోమీటర్ల కొద్దీ ఎండిపోదు. దాని సమస్య వేరు. అది గంటలకు సంబంధించినది.

అదేమిటో చిన్న లెక్కతో చూద్దాం. చలికాలంలో ఒక హిమాలయ నదిలో సెకనుకు 200 ఘనపు మీటర్ల నీరు వస్తోందనుకోండి. వచ్చింది వచ్చినట్టు వదిలితే టర్బైన్లు రోజంతా కొద్దికొద్దిగా తిరుగుతాయి. కరెంటుకు గిరాకీ ఉండేది మాత్రం సాయంత్రం. అందుకని ఇరవై గంటలు నీటిని ఆపి, సాయంత్రం నాలుగు గంటల్లో వదిలితే? అప్పుడు సెకనుకు 1,200 ఘనపు మీటర్లు. రోజు మొత్తం మీద చూస్తే ఒక్క చుక్క తేడా లేదు. వచ్చినంతా పోయింది. దిగువన నది ఒడ్డున ఉన్నవాడికి మాత్రం ఇరవై గంటలు రాళ్ల మధ్య సన్నని పాయ, నాలుగు గంటలు వరద. పాండేజ్ చేసే పని ఇదే. బగ్లిహార్‌కు మొదట 3.75 కోట్ల ఘనపు మీటర్ల పాండేజ్ కావాలన్నారు. పాకిస్తాన్ అభ్యంతరం మీద స్విస్ ఇంజినీర్ రేమండ్ లఫీట్ తటస్థ నిపుణుడిగా విచారించి 2007లో దాన్ని 3.256 కోట్లకు తగ్గించారు. అంటే 1.3 టీఎంసీల నుంచి 1.15 టీఎంసీలకు. శ్రీశైలం లెక్కల్లో ఇది లెక్కలోకే రాని నీరు. దాని మీద రెండు దేశాలు ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. ఆ వాదన అర్థరహితం కాదని నా అభిప్రాయం. నీళ్లు తక్కువగా ఉండే నెలల్లో, పంటకు తడి కావాల్సిన వారంలో, ఒక టీఎంసీ ఎప్పుడు వస్తుందన్నది ఎంత వస్తుందన్నదానికన్నా పెద్ద విషయం.

1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన సింధు జలాల ఒప్పందం రాసినవాళ్లకు ఈ గంటల సంగతి బాగా తెలుసు. సింధు, జీలం, చీనాబ్ నీరు ప్రధానంగా పాకిస్తాన్‌కు. వాటి మీద జలవిద్యుత్ కట్టుకునే హక్కు మనకు. అయితే ప్లాంటు నడిచే తీరుకు ఒక అనుబంధంలో నిబంధనలు పెట్టారు. ఏ ఏడు రోజుల్లో ప్లాంటు పైన ఎంత నీరు వచ్చిందో ఆ ఏడు రోజుల్లోనే అంత నీరూ కిందికి పోవాలి. ఏ ఒక్క రోజు తీసుకున్నా, వచ్చిన నీటిలో 30 శాతానికి తగ్గకుండా, 130 శాతానికి మించకుండా వదలాలి. చీనాబ్ మీద రాంబన్‌కు ఎగువన కట్టేవాటికి ఆ కనీసం 50 శాతం. రాంబన్‌కు దిగువన కట్టేవాటికి నిబంధన ఇంకా కఠినం: 24 గంటల్లో వచ్చిన నీరు అదే 24 గంటల్లో పోవాలి. సావల్‌కోట్ రాంబన్‌కు దిగువనే. కింద పాకిస్తాన్ మైదానంలో మరాలా దగ్గర కాలువలు మొదలవుతాయి కాబట్టి, కిందికి వచ్చేకొద్దీ పగ్గం బిగించారు.

ఒప్పందం రోజుల లెక్క చూసింది గానీ, రోజు లోపలి గంటలను చాలావరకు వదిలేసింది. ఒడ్డున ఉండే మనిషికి, చేపకు, నావకు కావాల్సింది ఆ గంటల లెక్కే. దీన్ని మన తెలుగువాళ్లం అందరికన్నా ముందు, అందరికన్నా దారుణంగా తెలుసుకున్నాం. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్‌లోని మండీ దగ్గర థలౌట్ వద్ద, బియాస్ నదిలో రాళ్ల మీదకు దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులను ఒక్కసారిగా పెరిగిన నీరు లాక్కుపోయింది. 24 మంది విద్యార్థులు, వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు చనిపోయారు. ఎగువన ఉన్నది 126 మెగావాట్ల లార్జీ ప్రాజెక్టు. అది కూడా రన్ ఆఫ్ ది రివర్ ప్రాజెక్టే.

ఆ రోజు వర్షం లేదు. వరద లేదు. గ్రిడ్‌లో కరెంటు ఎక్కువై ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది. టర్బైన్లు తగ్గితే వాటిలోంచి పోయే నీరు ఎక్కడికి పోవాలి? వెనక పెద్ద జలాశయం ఉంటే అందులో ఆగుతుంది. ఇక్కడ ఉన్నది చిన్న చెరువంత. కాసేపట్లో నిండుతుంది. గేట్లు ఎత్తక తప్పదు. ఎండాకాలపు సాయంత్రం ప్రశాంతంగా కనిపించే నది నిమిషాల్లో మనిషి ఎత్తు లేవడానికి కారణం అదే. ప్రమాదం జరిగినప్పుడు చాలామంది పిల్లల దుడుకుతనం గురించి మాట్లాడారు. అక్కడ సరైన హెచ్చరిక లేదన్నది, నది మట్టం ఎక్కడో కూర్చుని గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ గది నిర్ణయంతో మారిపోతుందని ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదన్నది అసలు సంగతి. పెద్ద రిజర్వాయరు కింద పెరిగినవాళ్లకు ఆ ప్రమాదం తట్టదు కూడా. సాగర్ గేట్లు ఎత్తుతున్నారంటే మనకు ముందురోజే టీవీలో తెలిసిపోతుంది.

చీనాబ్ వరుసలో ఈ సమస్య ఒక్క డ్యాంతో ఆగదు. పైన బగ్లిహార్ సాయంత్రం ఆరింటికి నీరు వదిలితే అది సావల్‌కోట్‌కు కాసేపటికి చేరుతుంది. ఇది తన పాండేజ్‌లో పట్టుకుని తన సమయానికి వదులుతుంది. సలాల్ మళ్లీ తన సమయానికి. ఒక్కో ప్లాంటూ విడిగా తన నిబంధనలు పాటిస్తున్నా అన్నీ ఒకే సాయంత్రం గిరాకీని వెంటాడితే, దిగువన అఖ్నూర్‌లో నది రోజుకోసారి లేచి పడుతుంది. అందుకే ఈ నది మీద ప్రాజెక్టులను ఒక్కొక్కటిగా పరిశీలించి అనుమతులు ఇవ్వడం సరికాదు. అన్నింటినీ కలిపి, గంట గంటకూ నీటి నడకను లెక్కగట్టి చూడాలి.

నీటి తర్వాత మట్టి. హిమాలయాలు భూగర్భ కాలమానంలో చిన్న వయసు కొండలు. ఇంకా లేస్తున్నాయి, లేచినంతా రాలుతున్నాయి. చీనాబ్ వేసవిలో మంచు కరిగి, ఆపై వానలు పడి ఉప్పొంగినప్పుడు బూడిద రంగులో, చిక్కగా, ఇసుకతో పారుతుంది. కృష్ణా నది సంగతి మనకు తెలుసు. శ్రీశైలం సామర్థ్యం మొదట్లో 308 టీఎంసీలు. పాతికేళ్లలో పూడిక మేట వేసి 215కి దిగింది. సలాల్ కథ దీనికన్నా ఘోరం. అక్కడ జలాశయం మొత్తం 28.4 కోట్ల ఘనపు మీటర్లు, పది టీఎంసీలు. పూడికను బయటికి తోయడానికి డ్యాం అడుగున ఆరు తూములు పెట్టారు. తూములు ఉంటే భారత్ ఇష్టం వచ్చినప్పుడు నీరు ఆపగలదు, వదలగలదు అని పాకిస్తాన్ భయం. 1978 ఏప్రిల్‌లో, వాజ్‌పేయి విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు, రెండు దేశాలకూ రాజీ కుదిరింది. ఆ ఆరు తూములనూ కాంక్రీటుతో శాశ్వతంగా మూసేయాలి, స్పిల్‌వే గేట్ల ఎత్తు 40 అడుగుల నుంచి 30కి తగ్గించాలి. 1987లో ప్లాంటు మొదలైంది. కొద్ది ఏళ్లలోనే జలాశయంలో చాలా భాగం మట్టితో నిండిపోయింది.

ముందు చెప్పినట్టు మట్టి నిండినా నీటి పైమట్టం తగ్గదు, కాబట్టి కరెంటు ఆగిపోదు. కానీ మట్టి నిలవడానికి చోటు లేకపోతే అది ఎక్కడికి పోతుంది? తిన్నగా టర్బైన్లోకి. హిమాలయ ఇసుకలో ఎక్కువ పాలు క్వార్ట్జ్, అంటే పలుగురాయి. ఖనిజాల గట్టితనాన్ని పదికి కొలిచే మోస్ స్కేలు మీద దానిది ఏడు. టర్బైన్ తయారుచేసే స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా గట్టిది. నీరు సెకనుకు పదుల మీటర్ల వేగంతో ఉక్కు రెక్కల మీదుగా పోతున్నప్పుడు అందులోని సన్నటి పలుగు రేణువులు ఉక్కును కొద్దికొద్దిగా కోసుకుపోతాయి. ఒక వానాకాలం తర్వాత రన్నర్‌ను, అంటే టర్బైన్‌లో తిరిగే చక్రాన్ని, పైకి తీసి చూస్తే నీరు వదిలిపోయే అంచులు బ్లేడులా సన్నబడి, చోట్ల చోట్ల ముక్కలు ఊడి ఉంటాయి. రెక్క మొదట్లో గుంతలు పడి, గుంతల మీద గుంతలు కలిసి పొలుసులు పొలుసులుగా కనిపిస్తుంది. నీటిని రన్నర్ మీదకు మళ్లించే గైడ్ వేన్‌ల చివర్లు గుండ్రమైపోతాయి. అప్పుడు వెల్డింగుతో నింపి, మళ్లీ సాన పట్టి, కొన్ని చోట్ల టంగ్‌స్టన్ కార్బైడ్ పూత పూసి తిరిగి ఎక్కిస్తారు. సట్లెజ్ మీద 1,500 మెగావాట్ల నాథ్‌పా ఝాక్రిలో లీటరు నీటిలో 5 గ్రాములకు మించి పూడిక కనిపిస్తే ప్లాంటునే ఆపేస్తారు. నది నిండుగా పారుతూ, కరెంటు బాగా రావాల్సిన రోజుల్లోనే ఆపాల్సి వస్తుంది. చలికాలం నీరు లేక, వానాకాలం మట్టి ఉండి, రెండు వైపులా నష్టం.

పూడికకు ఇంజినీర్లకు తెలిసిన మంచి మందు ఒకటే. వరద రోజుల్లో జలాశయం మట్టాన్ని బాగా కిందికి దింపి, అడుగు తూములు తెరిచి, నదిని తన పాత వేగంతో పారనివ్వాలి. అదే మట్టిని తోసుకుపోతుంది. దీనికి లోతైన గేట్లు కావాలి. ఒప్పందమేమో డెడ్ స్టోరేజీ మట్టానికి దిగువన తూము పెట్టాలంటే పూడిక లాంటి సాంకేతిక కారణాలకు తప్పనిసరి అయితేనే, అది కూడా వీలైనంత చిన్నదిగా, వీలైనంత పైన పెట్టమంటుంది. బగ్లిహార్‌లో లఫీట్ లోతైన గేట్లను సమర్థించారు. ఆరేళ్ల తర్వాత కిషన్‌గంగ తీర్పులో న్యాయస్థానం అలా మట్టం దింపి కడగడాన్ని నిషేధించింది. ఒకే ఒప్పందం, ఒకే పూడిక, రెండు తీర్పులు. శాస్త్రం ఒక వైపు లాగుతుంది, అనుమానం ఇంకో వైపు లాగుతుంది. మధ్యలో పాడైపోయేది డ్యాం.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మర్నాడు భారత్ ఒప్పందాన్ని నిలిపివేసింది. మే మొదటి వారంలో బగ్లిహార్, సలాల్ జలాశయాలను దింపి పూడిక కడిగారు. దశాబ్దాలుగా పేరుకున్న మట్టికి అది కావాల్సిన వైద్యమే. అయితే కడిగాక మళ్లీ నింపేటప్పుడు గేట్లు మూయాలి కదా. ఆ రోజుల్లో దిగువన మరాలా దగ్గర నీరు ఒక్కసారిగా పడిపోయి తర్వాత పెరిగిందని పాకిస్తాన్ అధికారులు చెప్పారు. కిందివాళ్ళకు ముందే చెప్పి వానాకాలంలో చేస్తే ఇదే పని ఎవరికీ హాని లేకుండా జరుగుతుంది. అదే ఏడాది ఆగస్టు వరదల్లో భారత్ మానవతా దృష్టితో పాకిస్తాన్‌కు హెచ్చరికలు పంపింది. ఒప్పందం అమల్లో ఉన్నా లేకున్నా నీటి కబురు మాత్రం పంపవచ్చని అది చూపింది. సావల్‌కోట్ విషయంలోనూ ఆ పద్ధతే నిలవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక కొండ మాట. రాంబన్ పేరు జమ్మూ–శ్రీనగర్ హైవే మీద వెళ్లినవాళ్లకు కొండచరియల పేరుగానే గుర్తుంటుంది. 2024 ఏప్రిల్లో రాంబన్ దగ్గర పెర్నోట్ గ్రామంలో నేల కుంగి యాభైకి పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. వానతోనే జారే వాలు అది. అలాంటి వాలు పాదంలో ప్రతి రోజూ మట్టం ఎక్కి దిగే జలాశయం వస్తే ఏమవుతుంది? నీటి మట్టం పైన ఉన్నప్పుడు ఒడ్డు మట్టిలోకి, రాతి పగుళ్లలోకి నీరు ఇంకుతుంది. బయటి నీటి బరువు కొండను కొంత అదిమి పట్టి ఉంచుతుంది కూడా. మట్టం గబగబా దిగితే బయటి ఆనుడు పోతుంది. లోపలి నీరు మాత్రం అంత త్వరగా బయటికి రాదు. లోపలి నుంచి తోసే పీడనం అలాగే ఉండి, పట్టి ఉంచే బలం తగ్గి, వాలు జారుతుంది. కట్ట ఎంత గట్టిగా ఉన్నా ఒడ్డు జారిందంటే ఆ మట్టి నీటిలో పడి అల లేస్తుంది.

ఈ లోయ రాతి స్వభావాన్ని దగ్గరగా తెలిసినవారిలో ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నారు. ప్రకాశం జిల్లాలో పుట్టి, బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసరైన గాలి మాధవీలత. 2025 జూన్‌లో ప్రారంభమైన, నది మట్టానికి 359 మీటర్ల ఎత్తున ఉన్న చీనాబ్ రైల్వే వంతెనకు భూసాంకేతిక సలహాదారుగా ఆమె 17 ఏళ్లు పనిచేశారు. ఆ వంతెన రియాసీ జిల్లాలో ఇదే నది మీద ఉంది. పునాదుల కోసం తవ్వుతున్నకొద్దీ ముందు సర్వేల్లో కనిపించని పగుళ్లు, గుల్లలు బయటపడ్డాయి. అందుకని ముందే గీసిన డిజైనును పట్టుకు వేలాడకుండా, తవ్వినచోట ఏ రాయి కనిపిస్తే దానికి తగినట్టు ఎక్కడికక్కడ లెక్కలు మార్చుకుంటూ వెళ్లారు. రాతిలోకి పొడవాటి ఉక్కు కడ్డీలు దింపి వాలును కుట్టారు. వంతెనకు కావాల్సింది రెండు పునాదులు నిలిచే వాలు. డ్యాంకు జలాశయం పొడవునా, రెండు ఒడ్డుల్లోనూ, నిలిచే వాలు కావాలి. ఆ వాలు నిలుస్తుందో లేదో తేల్చే పరిశోధనకు టెండరు గడువులకన్నా ఎక్కువ కాలం పడుతుంది. 847 హెక్టార్ల అడవి ఈ ప్రాజెక్టు కింద పోతుంది. వాలును పట్టి ఉంచే వేళ్లూ ఆ చెట్లతోనే పోతాయి.

మంచు కొండలు విరిగిపడే, హిమానీనద సరస్సులు తెగే ప్రమాదాల గురించి వేరే వ్యాసమే రాయాలి. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో కొండ కొమ్ము నుంచి రాయి, మంచు విరిగిపడి వచ్చిన ప్రవాహం రిషిగంగ, తపోవన్ ప్రాజెక్టులను తుడిచిపెట్టి రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు తెగి 1,200 మెగావాట్ల తీస్తా–3 కట్ట కొన్ని నిమిషాల్లో కొట్టుకుపోయింది. చీనాబ్ ఎగువన కూడా హిమానీనదాలున్నాయి.

ఇన్ని చెప్పాక, అసలు ఎందుకు కట్టాలని అడగవచ్చు. కట్టడానికి గట్టి కారణమే ఉంది. మన దేశంలో సౌరవిద్యుత్ సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది. మధ్యాహ్నం మిగులు, పొద్దుగుంకగానే కొరత. బొగ్గు ప్లాంటును గంటలో ఎక్కించి దించలేం. జల టర్బైన్ నిమిషాల్లో పూర్తి బలానికి వస్తుంది. సాయంత్రపు కొరతను పొగ లేకుండా తీర్చగలిగేవాటిలో ఇది ముందు వరుసలో ఉంది. మన దగ్గర శ్రీశైలం ఎడమగట్టు, సాగర్ రివర్సిబుల్ టర్బైన్లు చేసేదీ, నంద్యాల జిల్లా పిన్నాపురం ప్రాజెక్టు ఉద్దేశమూ ఇలాంటి సేవే. అయితే వాటిలో నీటిని కిందికి దింపి మళ్లీ పైకి తోడుకోవచ్చు; నది దిగువన ఒడ్డును రోజూ ముంచి తేల్చాల్సిన పని అంతగా ఉండదు. సావల్‌కోట్ ఏటా 700 కోట్ల యూనిట్లకు పైగా ఇస్తుందని అంచనా. 1,856 మెగావాట్లు ఏడాది పొడవునా నడిస్తే వచ్చేదాంట్లో ఇది సగం లోపు. మిగతా సగం ఎక్కడ పోయిందంటే, చలికాలంలో. డిసెంబరు, జనవరిలో చీనాబ్ వేసవి ప్రవాహంలో పదో వంతు దగ్గరికి పడిపోతుంది. కశ్మీర్‌లో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి కరెంటు అన్నిటికన్నా ఎక్కువ కావాల్సింది సరిగ్గా అప్పుడే. రాంబన్ కొండ మీద ఉన్న ఊరికి ఈ డ్యాం చలికాలపు కొరత తీరుస్తుందని ఎవరైనా చెబితే అది నిజం కాదు. తీర్చేది ఉత్తర గ్రిడ్ మొత్తానికి సాయంత్రపు కొరతను, అది కూడా ఎక్కువగా వేసవి, వానాకాలాల్లో.

కృష్ణా నీటి మీద మనం నేర్చుకున్నది ఇక్కడ పనికొస్తుంది. 2021 వేసవి చివర్లో శ్రీశైలంలో తెలంగాణ కరెంటు కోసం నీరు వదలడం, సాగునీటి అవసరం లేని సమయంలో నీరు కిందికి పోతోందని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పడం గుర్తుండే ఉంటుంది. అక్కడా గొడవ వాటా మీద ఎంతో, ఎప్పుడు వదిలారన్న దాని మీద అంతే. ఈ గొడవలో తరచూ వినిపించే పరిష్కారం టెలిమెట్రీ: ఎవరు ఎంత వాడారో యంత్రమే చెప్పాలి, మనిషి మాట అవసరం లేకుండా. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల మధ్యే అది ఇంత అవసరమైతే, చీనాబ్ మీద ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

సావల్‌కోట్‌ను కట్టవద్దని నేను అనను. కట్టే ముందే మూడు పనులు ప్రాజెక్టు షరతుల్లో చేరాలని అంటాను. బగ్లిహార్ నుంచి అఖ్నూర్ దాకా ప్రతి గంట నీటి విడుదలను ఎవరైనా చూడగలిగేలా బయట పెట్టాలి. పూడిక కడిగే రోజులు దిగువన ఉన్న అందరికీ, సరిహద్దుకు అవతలి వారికీ, ముందే తెలియాలి. జలాశయం మట్టం గంటకు ఎంతకు మించి దించకూడదో ఒడ్డు వాలు లెక్క ప్రకారం నిర్ణయించి, గ్రిడ్ ఎంత ఒత్తిడి పెట్టినా ఆ హద్దు దాటకుండా కట్టడి చేయాలి. ఇవి ఖరీదైనవి కావు. డ్యాం ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రావు.

సెలవుల్లో హిమాచల్‌కో, ఉత్తరాఖండ్‌కో, జమ్మూకో వెళ్లే తెలుగు పిల్లలకు, వాళ్లను తీసుకెళ్లే ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక మాట. కొండ నదిలో నీరు తగ్గి రాళ్లు తేలి కనిపిస్తే, అది ఎండాకాలం వల్ల కాకపోవచ్చు. ఎగువన గేట్లు మూసి ఉండవచ్చు. ఎంత తేటగా, ఎంత మోకాలి లోతుగా ఉన్నా నది మధ్య రాళ్ల మీదకు వెళ్లకండి. ఎగువన డ్యాం ఉందా, నీరు ఎప్పుడు వదులుతారు అని అక్కడి ఊరివాళ్లను అడగండి. సైరన్ వినిపిస్తే సామాన్లు వదిలేసి ముందు ఒడ్డు ఎక్కండి.